బొగ్గుపులుసు వాయువు

ఆ అమ్మాయి రాసిన వ్యాసాన్ని ఆ అమ్మాయి రాయలేదన్నారు.

అన్నవాళ్లు ముగ్గురు, ముగ్గురూ చదువుకున్నవాళ్లు. మొదటి పేజీ నెత్తిన ఎర్ర సిరాతో రెండు ముక్కలు గీకి తిప్పి పంపారు. ‘ఇది విద్యార్థిని స్వీయరచన కాదు. పదజాలము పెద్దలది గనుక పోటీ నుండి తొలగించడమైనది.’ అంతే. పిలిచి ఒక్క ప్రశ్న అడగలేదు. ఏ వాక్యం పక్కనా ఇది తప్పు అని రాయలేదు. పదో తరగతి పిల్ల, అందులోనూ డీజిల్ ఇంజన్లు బాగుచేసే సాయిబు కూతురు, ఇంత బాగా రాయడానికి వీల్లేదని వాళ్లకు వాళ్లే తేల్చేసుకున్నారు. ముప్పై అయిదేళ్లు దాటినా ఆ ఎర్ర సిరా నా కళ్లలో ఇంకా ఆరలేదు.

మొన్న మా వరండా గోడకు కొత్త రకం రంగు వేయించాలని కోడలు పనివాణ్ణి పిలిపించింది. అతను పాత సున్నం గీకుతుంటే పెచ్చులు రాలాయి. ఒక పెచ్చు ఏరి విరిచి చూశాను. పొర మీద పొర, ఏటికో పూత. విరిస్తే టక్కుమంది.

“ఇదేంది తాతా, రాయైపోయింది? ఊడి చావట్లా” అని విసుక్కున్నాడు అతను.

ఆ మాటతో ఆ పిల్ల గొంతు చెవిలో పలికింది. “గోడ తాగింది బాబాయ్. మీ బట్టీలో రాయి ఊదిందంతా మీ గోడ తాగింది.”

ఆ రోజుల్లో, అంటే ఎనభైల చివర్లో, నేను గురజాల దగ్గర సున్నపు బట్టీలో మేస్త్రిని. రాయి ఎప్పుడు కాలిందో, ఎప్పుడు ఇంకా పచ్చిగా ఉందో పొగ రంగు చూసి చెప్పేది నేనే. నా చదువు అయిదో తరగతితో ఆగింది. మిగతాదంతా శాఖా గ్రంథాలయంలో సాయంత్రాలు కూర్చుని సంపాదించుకున్నది. పాత సైన్సు పుస్తకాలు, అట్టలు ఊడినవి, ఎవరూ ముట్టుకోనివి, అన్నీ నావే. చదివింది నలుగురికీ చెప్పకుండా ఉండలేని జబ్బు నాకు. ఒక వేసవి సాయంత్రం పేపర్ల బల్ల దగ్గర కూర్చుని ఉపన్యాసం దంచుతున్నాను. రేడియోలో రెంటచింతల ఎండ సంగతి చెప్పారు, వింటిరా, భూమి వేడెక్కిపోతోంది, ఇదే అందుకు సాక్ష్యం అని.

బల్ల అవతలి చివర నుంచి ఒక సన్నని గొంతు వచ్చింది. “రుజువేంది?”

చూస్తే పావడా ఓణీలో ఒక పిల్ల. ఒక కన్ను మూసుకుని రెండో కంటితో నన్ను చూస్తోంది. ఆ చూపు ఎక్కడో చూశానే అనుకున్నాను. వాళ్ల నాన్న బస్టాండు పక్కన ఇంజన్ల షాపులో, ఇంజనులోకి డీజిలు చిమ్మే నాజిలు ఎత్తిపట్టి, వెలుతురుకు పెట్టి, ఒక కన్ను మూసి సందు చూస్తాడు. అదే చూపు. నేను మసిపట్టిన నాజిలునైపోయాను.

“రెంటచింతల కాలుతోంది గదమ్మా, ఇంకా రుజువేంది?” అన్నాను.

“రెంటచింతల మా తాతప్పుడూ కాలింది బాబాయ్. ఒక ఊరు, ఒక ఎండాకాలం చూసి భూమి మొత్తానికి జరవొచ్చిందంటే ఎట్టా? రేపు వానపడి చల్లబడితే జరం తగ్గిందంటావా?”

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు మండిపోయింది. రాత్రి అన్నం తింటూ ఆలోచిస్తే ఆ పిల్ల చెప్పిందే నిజం. మర్నాడు వెళ్లి ఒప్పుకున్నాను. అట్లా మొదలైంది మా స్నేహం.

ఆమె మాటల్లో ఎక్కువసార్లు వినపడేది ఆ ఒక్కటే. రుజువేంది? హిందూపేపరు చదివే ప్లీడరు గారినీ అడిగేది, పంచాయతీ ప్రెసిడెంటునూ అడిగేది. అడగడంలో పొగరు ఉండేది కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగేది. అదే మనుషులకు ఎక్కువ గుచ్చుకునేది. ఇంకో అలవాటు, పుస్తకాల సంచిలో ఎప్పుడూ ఒక గాజు గ్లాసు, ఒక చిన్న సీసా, ఒక బొప్పాయి కాడ పెట్టుకుని తిరిగేది. సీసాలో తేర్చిన సున్నపు నీళ్లు. సున్నం మా బట్టీదే. ఎవరు దొరికితే వాళ్ల ముందు గ్లాసులో ఆ నీళ్లు పోసి, బోలుగా ఉండే బొప్పాయి కాడ అందించి, “ఊదండి. ఊదాలి, పీల్చకూడదు” అనేది. మనం వదిలే ఊపిరిలో ఒక వాయువు ఉంటుంది. అది తగిలితే తేటనీళ్లు పాలలాగా తెల్లబడతాయి. బళ్లో పుస్తకంలో ఉన్న సంగతే. పుస్తకంలో ఉన్నదాన్ని సంచిలో వేసుకుని తిరిగినవాళ్లను నేను ఇంకెవరినీ చూడలేదు.

వాళ్ల నాన్న చేత ఊదించిన రోజు నేను షాపులోనే ఉన్నాను. ఆయన చేతులు గుడ్డకు తుడుచుకుని, అనుమానంగానే ఊదాడు. నీళ్లు తెల్లబడ్డాయి.

“ఏంది బేటీ ఇది? బీడీలు తాగినందుకా?” అన్నాడు గాభరాగా.

“కాదబ్బా. బతికున్నందుకు.”

ఆ ఏడు జిల్లాలో ఒక సంఘం హైస్కూలు పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టింది. సంఘం పేరు నాకు గుర్తుంది గానీ రాయను. విషయం, ‘భూగోళము వేడెక్కుచున్నదా? చదువరిని ఒప్పించునట్లు వాదింపుము.’ ఇంటి దగ్గరే రాసి, హెడ్మాస్టరు సంతకంతో పోస్టులో పంపాలి.

నా బట్టీ పని అయ్యాక గ్రంథాలయం మెట్ల మీద కూర్చునేవాళ్లం. ఆమె రాసేది, నేను అడ్డం తగిలేవాణ్ణి. “ఓ మానవా, మేలుకో! అని మొదలెట్టు. చదివినోడి ఒళ్లు జలదరించాలి” అన్నాను.

“నిద్రపోయేవాడికి ఉత్తరం రాస్తే ఏం లాభం బాబాయ్? మేలుకుని, నేను నమ్మను పో అనేవాడికి రాస్తా.”

అట్లాగే రాసింది. మొదటి వాక్యమే ‘మీరు నమ్మకపోవడానికి రెండు మంచి కారణాలు ఉన్నాయి’ అని. ఎదుటివాడి తరపున వాడికంటే బాగా తనే వాదించి, ఆ తర్వాత ఒక్కొక్కటీ విప్పుకుంటూ వచ్చింది. ఎండలు ఎప్పుడూ ఉన్నవేగా అన్నది ఒకటి. దానికి నాకు చెప్పిన జవాబే. ఒక రోజు ఎండ వేరు, ఏళ్ల తరబడి దేశదేశాల్లో రాసిపెట్టుకున్న వేడి లెక్క వేరు అని. గాలిలో ఆ వాయువు ఉన్నదే కొంచెం, దానివల్ల ఏమవుతుంది అన్నది రెండోది. ఆ ముక్క మా బట్టీ ఆసామి అన్నాడు. బట్టీ చూస్తానని ఆమె వచ్చినప్పుడు ఆయన కుర్చీలోంచి లేవకుండానే, “ఏమే పిల్లా, ఆకాశం ఎంత, నా బట్టీ ఎంత? నా బట్టీ మూయించడానికి వచ్చావా?” అన్నాడు.

“పాలకుండ ఎంత పెద్దదయ్యా, మీ ఇంట్లో దాన్లో తోడు ఎంత వేస్తారు?” అంది.

ఆసామి మీసాల్లో నవ్వుకుని, చూసుకోమన్నాడు. ఆ జవాబు ఉన్నదున్నట్టు వ్యాసంలోకి ఎక్కింది.

నిజం చెప్పాలంటే, బట్టీల సంగతి రాస్తున్నదని తెలిసి నాకూ కోపం వచ్చింది. “మా బతుకుల మీద రాస్తావా? మరి మీ నాన్న ఇంజన్లు వదిలేదేంది, సాంబ్రాణి పొగా?” అన్నాను.

“రాశా బాబాయ్. మా అబ్బా ఇంజన్లు రెండో పేజీలో ఉండాయి. మీ బట్టీ మూడో పేజీ” అని తీసి చూపించింది.

మూడో పేజీలోనే ఉంది ఆ వ్యాసం ప్రాణం. నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ‘మా ఊరి బట్టీలో రాయిని కాలిస్తే రెండు వస్తాయి. ఒకటి సున్నం, అది అందరికీ కనపడుతుంది. రెండోది బొగ్గుపులుసు వాయువు, అది ఎవరికీ కనపడదు. ఆ సున్నాన్ని గోడకు పూస్తే, గోడ ఏళ్ల తరబడి గాలిలోంచి ఆ వాయువును మెల్లగా తాగి మళ్లీ రాయి అవుతుంది. రాయి వదిలినదాన్ని గోడ పట్టుకుంటుంది. కానీ ఆ రాయిని కాల్చడానికి వేసిన బొగ్గు వదిలినదాన్ని ఏ గోడ పట్టుకుంటుంది? మా నాన్న బాగుచేసే ఇంజన్లు వదిలినదాన్ని ఏ గోడ పట్టుకుంటుంది? అడవులు కొంత, సముద్రం కొంత పట్టుకుంటాయి. మిగిలింది పైన ఉండిపోయి, దుప్పటి ఒంటి వేడిని పోనివ్వనట్టు, భూమి వేడిని బయటికి పోనివ్వదు.’

ఇరవై ఏళ్లు రాయి కాల్చినవాణ్ణి. కాల్చిన రాయి బరువు తగ్గుతుందని తెలుసు. తగ్గిన బరువు ఎక్కడికి పోయిందని ఒక్కనాడూ అడగని మూఢుణ్ణి. పదిహేనేళ్ల పిల్ల నా బట్టీని నాకు చూపించింది.

ఇక ఆ మాట సంగతి. ఆమె మొదట ‘కార్బన్ డై ఆక్సైడ్’ అని రాసింది. నేనే ఒప్పుకోలేదు. “తెలుగులో రాస్తూ తెలుగు మాటను వదిలేస్తావా? బొగ్గుపులుసు వాయువు అని రాయి” అన్నాను. మేము అట్టలూడిన పుస్తకాల్లో చదువుకున్న మాట అది. బడి పుస్తకాల్లోంచి ఎప్పుడు పీకేశారో కూడా నాకు తెలియదు. ఎంత అందమైన మాట! ఆ పిల్ల పడీ పడీ నవ్వింది.

“పులుసా? ఏం పులుసు బాబాయ్, బొమ్మిడాయల పులుసా?”

“నవ్వకు. పులుసు అంటే పులుపు. నీళ్లలో కలిస్తే పుల్లగా ఉంటుంది కాబట్టి ఆ పేరు.”

“రుజువేంది?”

బస్టాండులో గోలీసోడా బండి దగ్గరికి తీసుకుపోయాను. సోడాలో బుసబుసలాడేది ఆ వాయువే. రంగూ చక్కెరా లేని ఉత్త సోడా ఒక గుక్క తాగి, నోట్లో పట్టుకుని, ఒక కన్ను మూసి, చానాసేపు ఆలోచించింది. మింగి, “పులుపే” అంది. సంచిలోంచి వ్యాసం తీసి బండి మీద పెట్టుకుని, నిలబడే ‘కార్బన్ డై ఆక్సైడ్’ అని ఉన్న ప్రతిచోటా కొట్టేసి ‘బొగ్గుపులుసు వాయువు’ అని దిద్దుకుంది. ఇంటికి పోయి ఆ రాత్రి మళ్లీ శుభ్రంగా ఎత్తిరాసింది. నేను మీసం మెలేశాను. ఎంత పొరపాటు చేశానో అప్పుడు తెలియలేదు.

ఆ పోటీ మీద ఆమె ముందుబతుకు ఆధారపడి ఉంది. ఇంటర్ చదవాలంటే నరసరావుపేటలో ఆడపిల్లల కాలేజీ, హాస్టలు. వాళ్ల నాన్న చెడ్డవాడు కాదు. నాతో దాచకుండా చెప్పాడు.

“మేస్త్రీ, ఇంజను శబ్దం వింటే దాని రోగం చెప్తా. కాయితం చూస్తే నాకేం తెలుసుద్ది? నువ్వు బాగుందంటావు, నువ్వు నాలాంటోడివే. చదువుకున్నోళ్లు ఎవరన్నా ఈ పిల్ల బుర్ర మంచిదని ఒక్క మాటంటే, మా వాళ్లందరూ కాదన్నా పంపుతా. అనకపోతే కుట్టుమిషను కొనిపెడతా, ఇంట్లో కూర్చుని కుట్టుకుంటది.”

అటువంటప్పుడు వచ్చింది ఎర్ర సిరా.

ఆమె ఏడవలేదు. గ్రంథాలయం మెట్ల మీద కాయితాలు పరిచి, ఒక కన్ను మూసి చూసింది. “బాబాయ్, ఇక్కడ చూడు. ఒకే మాట చుట్టూ సున్నాలు చుట్టారు. ప్రతి పేజీలో” అంది.

చూశాను. బొగ్గుపులుసు వాయువు. ఎక్కడ ఆ మాట ఉంటే అక్కడ ఎర్రటి గుండ్రం. ఈ కాలం బడిపిల్లలకు తెలియని మాట. ఎవరో ముసలాడు పక్కన కూర్చుని రాసిపెట్టాడని వాళ్లు పట్టేశారు. వాళ్లు పట్టుకున్న ముసలాణ్ణి నేనే. అప్పటికి నాకు నలభై అయినా నిండలేదు. అయితేనేం, నా మాటే ఆ పిల్ల మెడకు చుట్టుకుంది.

“నా వల్లేనమ్మా” అన్నాను.

“నీ వల్ల ఎట్టా అయిద్ది? సోడా తాగింది నేను గదా” అంది.

వాళ్ల నాన్న మాత్రం, “చూశావా మేస్త్రీ, మనం రాసినా మనదనరు. ఇంక ఈ గొడవ వద్దు” అన్నాడు. మర్నాడు షాపులో ఒక పాత కుట్టుమిషను విప్పి, ముక్కలకు నూనె పెడుతూ కనపడ్డాడు.

నేను ఊరుకునే మనిషిని కాను. సంఘానికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. పోస్టు చేసే ముందు ఆమెకు చదివి వినిపించాను. “తిట్లు బాగున్నాయి బాబాయ్. రుజువేంది?” అంది. రోషం వచ్చి అట్లాగే పోస్టు చేశాను. జవాబు లేదు. రెండో ఉత్తరం ఇంకా ఘాటుగా రాశాను. దానికీ లేదు. పదో తరగతి ఫలితాలు వచ్చాయి. బళ్లో మొదటి మార్కు ఆమెదే. “మార్కులు బట్టీయం పడితే వస్తయంట గదా మేస్త్రీ” అన్నాడు వాళ్ల నాన్న. కాలేజీ దరఖాస్తులకు గడువు దగ్గరపడింది. షాపులో కుట్టుమిషను పూర్తిగా బిగించడం కూడా అయిపోయింది. తొక్కితే చప్పుడు లేకుండా తిరుగుతోంది.

అప్పుడామె నా బట్టీకి వచ్చింది. ఎండకు మొహం కందిపోయి ఉంది. “బాబాయ్, ఈసారి వాదించొద్దు. సున్నం పంపుదాం” అంది.

అర్థం కాలేదు.

“నువ్వు ఎన్ని రాసినా నువ్వు రాసినట్టే ఉంటది. వాళ్లని ఊదమందాం. నీళ్లు తెల్లబడితే, ఎవరు ఊదించారని అడుగుతారు గదా?”

మంచి సున్నం ఏరి, నీళ్లు చల్లి, విచ్చుకున్న పొడిని జల్లించి ఇచ్చాను. ఆమె దాన్ని చిన్న తగరపు డబ్బాలో నింపి, మూత సందుకు మైనం పూసింది. ఏం చేయాలో ఒక కాయితం మీద గుండ్రటి అక్షరాలతో రాసింది. పొడి నీళ్లలో కలిపి తేరనివ్వండి. పైన తేటను గ్లాసులో పోయండి. బొప్పాయి కాడ మీ ఊళ్లోనూ దొరుకుతుంది. ఊదాలి, పీల్చకూడదు. అడుగున ఇంకో మాట కలిపింది. ‘బొగ్గుపులుసు అన్న మాటకు రుజువు కావాలంటే ఉత్త సోడా ఒక గుక్క నోట్లో పట్టుకుని చూడండి. నేను చూశాకే రాశాను.’

నా ఉత్తరం ఈసారి నాలుగు వాక్యాలు. ‘అయ్యా, ఆ మాట ఒక్కటీ నాది. మిగతాదంతా ఆ పిల్లది. ఆ పిల్ల కాలేజీ మీ ఎర్ర సిరా దగ్గర ఆగి ఉంది. డబ్బా విప్పి చూడండి.’

పార్సిలు పోయాక పోస్టుమాన్ సైకిలు గంట వినపడితే బట్టీ దగ్గర నా చేతిలో పార ఆగేది. ఆమె మాత్రం ఎప్పట్లాగే గ్లాసు సంచిలో వేసుకుని తిరుగుతూ, దొరికినవాళ్ల చేత ఊదిస్తూనే ఉంది. ఒకసారి అడిగాను, భయం లేదా అని. “జవాబు రాకపోతే రుజువు పోద్దా బాబాయ్?” అంది.

ఆఖరికి గడువు ఇంకో మూడు రోజులు ఉందనగా ఉత్తరం వచ్చింది. నా పేరు మీదే. నేను బట్టీ బూడిద ఒంటితోనే బస్టాండుకు పరుగెత్తాను. షాపులో నిలబడి వాళ్ల నాన్నకు చదివి వినిపించాను. ఆయన మళ్లీ చదవమన్నాడు. మూడోసారి చదివేటప్పుడు పక్క టీ కొట్టు వాళ్లను కూడా కేకేసి పిలిచాడు. అయ్యాక చేతిలో స్పానరు కింద పెట్టి, ఉత్తరం తీసుకుని, చదవడం రాకపోయినా వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి, ఆ సంతకం చూశాడు.

“నరసరావుపేట బస్సు ఎన్నింటికి మేస్త్రీ?” అన్నాడు.

ఆ పిల్లయితే ఉత్తరం ఆఖరుదాకా విని, సంతోషపడడం కూడా మరిచిపోయి గ్లాసు కోసం పరుగెత్తింది. ఎందుకో ఉత్తరంలోనే ఉంది. ఆ తర్వాత ఆమె ఏం చదివింది, ఏమైంది అన్నది ఇక్కడ రాయను. ఆమె సంగతి ఆమె రాసుకోగలదు. ఆమె తరపున నేను మళ్లీ కలం పట్టి ఇంకోసారి అనుమానం తెచ్చిపెట్టలేను. కుట్టుమిషను మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ చాలాకాలం కుట్టింది.

మొన్న రాలిన సున్నపు పెచ్చును ఆ ఉత్తరం ఉన్న పెట్టెలోనే దాచాను. ఉత్తరాన్ని ఒక్క అక్షరం మార్చకుండా కింద దించుతున్నాను.

‘మేస్త్రీ గారికి,

మీ మూడు ఉత్తరములు, తగరపు డబ్బా అందినవి. మొదటి రెండింటికి జవాబు వ్రాయకపోవుటకు వాటి భాషయే కారణము. మూడవదానికి వ్రాయక తప్పలేదు. డబ్బాలోని సున్నము కలిపి, తేర్చి, బొప్పాయి కాడతో ముగ్గురమును వంతులవారీగా ఊదితిమి. నీళ్లు తెల్లబడినవి. సోడా కూడ రుచి చూచితిమి. పులుపే.

బహుమతులు ఇచ్చివేసితిమి. వాటిని వెనుకకు తీసుకొనలేము. ఎర్రసిరాతో వ్రాసిన మాటను మాత్రము వెనుకకు తీసుకొనుచున్నాము. తాను చేసి చూచినదే వ్రాసినది గనుక, వ్యాసము ఆ అమ్మాయిదే. మాకు వచ్చినవానిలో ఇంత చక్కగా ఒప్పించినది వేరొకటి లేదు. ఈ మాట ఆమె తండ్రిగారికి చదివి వినిపించవచ్చును.

ఒక సంగతి. మాలో ఒకరు మొండి మనిషి. నీళ్లు తెల్లబడిన పిమ్మట కూడ ఆపక ఊదుచుండగా, అవి మరల తేటపడసాగినవి. ఇది వ్యాసములో లేదు. ఎందుకు తేటపడినవో ఆ అమ్మాయినే స్వదస్తూరితో వ్రాసి పంపమనుడు. తొందర లేదు, కాలేజీలో చేరిన పిమ్మట వ్రాసినను సరే. మీరు మాత్రము సాయము చేయవలదు.’